వృద్ధుల సహనివాసము

హైదరాబాదునుండి ముంబయికి పోవు రాజమార్గమున పటాన్‌చెరు దాటి కొంతదూరము సాగినచో ముత్తంగి, ఇస్నాపూరు గ్రామములు వచ్చును. వాని చేరువనే పాశమైలారము కలదు. ఒకప్పుడిది చుట్టును చేలు గల పల్లె. నేడు సంగారెడ్డి జిల్లాలోని పేరుపడిన పారిశ్రామికవాడ. ఇచ్చట ఔషధములు, రసాయనములు, యంత్రభాగములు తయారగుచుండును. ప్రొద్దుపొడుపున ఒక జట్టు పనివారు కర్మాగారముల ద్వారములనుండి వెలికి వచ్చుచుండగా, మరియొక జట్టువారు లోనికి పోవుచుందురు. వారిలో తెలుగువారే కాక ఒడిశా, బీహారు, ఉత్తరప్రదేశ్, ఝార్ఖండ్ రాష్ట్రములనుండి వచ్చినవారును ఎందరో కలరు.

ఈ ప్రాంతము పరిశ్రమలకు నెలవైనది నిన్న మొన్న కాదు. 1960వ దశకమున దగ్గరలోని రామచంద్రాపురమున భారీ విద్యుత్ యంత్రముల కర్మాగారము వెలసినది. 1972లో పటాన్‌చెరువునందు మెట్టపంటల అంతర్జాతీయ పరిశోధన సంస్థయగు ఇక్రిశాట్ స్థాపింపబడినది. అటుపిమ్మట ఒకదాని వెంట నొకటిగా కర్మాగారము లేర్పడినవి. పనికొరకు నలుదిక్కులనుండి యువకులు వచ్చిచేరిరి. కాలము ఎవ్వరికొరకును ఆగదు గదా! 1980లో ఇరువదియేండ్ల ప్రాయమున ఇచ్చటికి వచ్చిన యువకుడు 2025 నాటికి అరువదియైదేండ్ల తాతయైనాడు. యంత్రములు పాతబడినచో వాని స్థానమున క్రొత్తవి వచ్చును. మరి ఆ యంత్రములను నడపి పాతబడిన మనుష్యుల సంగతి యేమి?

అట్టి వృద్ధుని ఒకనిని మీరు ఊహించుకొనుడు. ఆయన ముప్పదియేండ్లు కర్మాగారమున పనిచేసినాడు. కుమారుడు ఉద్యోగరీత్యా దూరనగరమున నున్నాడు. కుమార్తె అత్తవారింట నున్నది. భార్య గతించినది. పుట్టినయూరికి పోదమన్నచో అచ్చటి యిల్లు శిథిలమైనది. నాటి చెలికాండ్రును లేరు. కుమారునియొద్దకు పోయినచో నాలుగవ అంతస్తులోని రెండుగదుల యింట పగలెల్ల ఒంటరిగా కూర్చుండవలెను. అందుచేత ఆయన ఇస్నాపూరులో ఒక అద్దెగదిలో నున్నాడు. తానొక్కనికి వండుకొనుటకు మనసొప్పక ప్రొద్దుట వండినదే రాత్రియు భుజించును. ఒకనాడు స్నానపుగదిలో కాలుజారి పడినచో ఆ సంగతి ఇతరులకు తెలియుట యెప్పుడు? మరునాడు పాలవాడు తలుపు తట్టినప్పుడు.

ఈ వృద్ధుని కొరత కేవలము ధనము కాదు. ధనముండియు ఇట్లే బ్రతుకువారు కలరు. పలుకరించు మనిషి లేకపోవుటయే ఆయన కొరత. ఒంటరితనము మనసును మాత్రమే కాక శరీరమును కూడ కృశింపజేయునని వైద్యులు నేడు గుర్తించినారు. 2018లో బ్రిటను దేశమును, 2021లో జపాను దేశమును ఈ సమస్యను చూచుటకు మంత్రులను నియమించినవి. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీనికై యొక ప్రత్యేకసంఘము నేర్పాటు చేసినది. మనదేశమున 2011 జనగణనము ప్రకారము అరువదియేండ్లు నిండినవారు సుమారు 10 కోట్ల 38 లక్షలమంది. అనగా నూటికి తొమ్మండుగురికి కొంచెము తక్కువ. ఈ సంఖ్య ఏటేట పెరుగుచున్నది.

పూర్వము మన వృద్ధులు ఉమ్మడి కుటుంబములలో నుండెడివారు. మండువా లోగిలిలో ఒక ప్రక్కన తాత పడకకుర్చీ, వేరొక ప్రక్కన అవ్వ రోలు, నడుమ పిల్లల యాటలు నుండెడివి. సాయంకాలము ఇంటిముందటి అరుగుపై వాడకట్టు వారందరు చేరి మంచిచెడ్డలు మాటలాడుకొనెడివారు. అయినను ఆ కాలమును మరీ మెచ్చుకొనుట కూడదు. ఎందరో వితంతువులు ఆ లోగిళ్ళలోనే చాకిరి చేయుచు, మాట పడుచు బ్రతుకు వెళ్ళదీసిరి. ఉమ్మడి కుటుంబము నీడ యిచ్చినది. కాని అందరికిని సమానముగా ఈయలేదు.

నేడు ఆ కుటుంబము చెదరినది. వృద్ధుల భారమంతయు ఒక్క కుమారుని భుజముపైననో, ఒక్క కుమార్తె భుజముపైననో నిలిచినది. ఆ భుజము తొలగినచో ఏమగును? 2025 జూన్ 30వ తేదీన పాశమైలారమునందలి ఒక ఔషధసంబంధమగు కర్మాగారమున ఘోరమైన ప్రేలుడు సంభవించి నలువదిమందికి పైగా మరణించిరి. వారిలో పలువురు దూరరాష్ట్రములనుండి వలస వచ్చిన కార్మికులు. కష్టించు చేయి ఒక్కటే ఆధారముగా గల యింట ఆ చేయి పోయినచో ముసలి తల్లిదండ్రుల గతి యెట్లుండునో వేరుగా చెప్పనక్కరలేదు. కావున ముదిమికి ఒక్క దూలము చాలదు. పెక్కు స్తంభములు కావలెను.

ఈ అవసరము గుర్తించియే భారత పార్లమెంటు 2007లో తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ సంక్షేమ చట్టమును చేసినది. తమ్ము తాము పోషించుకొనజాలని తల్లిదండ్రులు సంతానమునుండి పోషణవ్యయము కోరుటకు ఈ చట్టము వీలు కల్పించినది. పోషింతురను నియమముతో ఆస్తిని వ్రాసియిచ్చినపిమ్మట వారు పోషింపనిచో, ఆ దానమును రద్దుపరచుటకు కూడ ఇందు వీలు కలదు. నిరుపేద వృద్ధులు నూటయేబదిమందికి తక్కువ కాకుండ ఉండదగిన వృద్ధాశ్రమమును జిల్లాకొక్కటియైనను ప్రభుత్వములు నెలకొల్పవచ్చునని అది చెప్పుచున్నది. చట్టము అన్నము పెట్టింపగలదు. కాని తోడు కూర్చుండి తినుమని ఎవ్వరిని శాసింపగలదు?

వృద్ధాశ్రమములు దిక్కులేనివారికి దిక్కు. వానిని చులకన చేయరాదు. అయినను అచ్చట వృద్ధుడు ఆశ్రితుడు. ఎప్పుడు లేవవలెనో, ఏమి తినవలెనో ఇతరులు నిర్ణయింతురు. ధనవంతులగు వృద్ధులకొరకు కోయంబత్తూరు, పూణే, హైదరాబాదు మున్నగు నగరములలో వ్యాపారసంస్థలు ప్రత్యేకనివాసములు కట్టించినవి. అచ్చట సౌకర్యములు కలవు. అయితే అచ్చట వృద్ధుడు వెలయిచ్చి సేవలు కొనువాడు. ఆశ్రితుడుగా గాక, కొనుగోలుదారుడుగా గాక, వృద్ధుడు తన యింటికిని తన వాడకట్టునకును తానే యజమానిగా నుండు మార్గము లేదా? ఉన్నది. దానినే ఆంగ్లమున కోహౌసింగ్ అందురు. మనము సహనివాసమని పిలుచుకొందము.

సహనివాసమనగా నేమి? ఇరువదియో ముప్పదియో కుటుంబములవారు ముందుగా ఒకరినొకరు ఎరిగి, ఒక సంఘముగా ఏర్పడి, తామే స్థలము సంపాదించి, తమకు కావలసిన రీతిని ఇండ్లు కట్టించుకొందురు. ఎవరి యిల్లు వారిది. ఎవరి వంటయిల్లు, ఎవరి తలుపు, ఎవరి తాళపుచెవి వారివి. వీనికి తోడు అందరికిని కలిపి ఒక ఉమ్మడి యిల్లు ఉండును. అందు పెద్ద వంటశాల, భోజనశాల, చదువుకొను గది, బట్టలుతుకు చోటు, అతిథులకు ఒకటి రెండు గదులు ఉండును. ఇండ్లన్నియు ఒక ఉమ్మడి వాకిలికి అభిముఖముగా నుండును. బండ్లు వెలుపలనే నిలుపబడును. కావున వాకిలి దాటుచు మనుష్యులు ఒకరికొకరు ఎదురుపడక తప్పదు. మన మండువాలోగిలిని కొంచెము పెద్దదిగా చేసి, అందు బంధువులకు బదులుగా స్నేహితులను నిలిపినచో సహనివాసము రూపము మీకు గోచరించును.

ఈ పద్ధతి నేటి రూపమున డెన్మార్కు దేశమున పుట్టినది. 1964లో యాన్ గుడ్‌మండ్ హోయర్ అను గృహనిర్మాణశిల్పి తన మిత్రులతో కూడి, విడివిడి యిండ్లలో ఒంటరిగా బ్రతుకుటకు బదులు వేరొక తీరు లేదా యని ఆలోచింపసాగెను. వారు స్థలము కొనిరి. కాని ఇరుగుపొరుగువారు అంగీకరింపనందున ఆ ప్రయత్నము విఫలమయ్యెను. 1967లో బోదిల్ గ్రో అను రచయిత్రి, పిల్లలకు నూర్గురు తల్లిదండ్రులుండవలెనను భావముతో ఒక వ్యాసమును వ్రాసెను. దానిని చదివి పలువురు ముందుకు వచ్చిరి. తుదకు 1972లో సెట్టెడామెన్ అను పేర 27 ఇండ్ల సహనివాసము వెలసినది. మరుసటి యేట 33 ఇండ్లతో స్క్రోప్లానెట్ అను రెండవది పూర్తియైనది. అమెరికాకు చెందిన చార్లెస్ డురెట్, కాథరిన్ మెకమంట్ అను శిల్పులు డెన్మార్కులో ఈ నివాసములను పరిశీలించి 1988లో ఒక గ్రంథమును ప్రకటించిరి. ఆంగ్లమున కోహౌసింగ్ అను పేరు వారు పెట్టినదే.

మొదట పిల్లలుగల కుటుంబములకై పుట్టిన యీ పద్ధతి వృద్ధులకు మరింత తగియుండుట త్వరలోనే తెలియవచ్చినది. 1987లో కోపెన్‌హేగన్ నగరమున మిడ్‌గార్డెన్ అను వృద్ధుల సహనివాసము ఏర్పడెను. 1993లో స్వీడను రాజధానియగు స్టాక్‌హోమునందు ఫెర్డ్‌క్నెప్పెన్ అను పేర 43 ఇండ్ల నివాసము ప్రారంభమైనది. ఇండ్లు అద్దెకు ఇయ్యబడినవి. వంట, పరిశుభ్రత మున్నగు పనులను నివాసులే వంతులవారీగా చేసికొనుచుందురు. పిల్లలు పెద్దవారై వెడలిపోయిన పిమ్మటి జీవితమునకై ఆ నివాసము ఉద్దేశింపబడినది.

వంతులనగా మీకు భారముగా తోచవచ్చును. ఒక చిన్న లెక్క చేయుడు. ఒక నివాసమున 24 మంది యున్నారనుకొనుడు. వారు వారమునకు రెండుదినములు ఉమ్మడిభోజనము చేయ నిశ్చయించిరి. ముగ్గురేసి చొప్పున ఎనిమిది జట్లు ఏర్పడును. వారమునకు రెండు జట్లు వండినచో ఒక్కొక్క జట్టు వంతు నాలుగు వారములకు ఒకసారి వచ్చును. అనగా, ఒక్కదినము కష్టించినవాడు ఏడుదినములు ఇతరుల చేతివంట తినును. మరియొక లెక్క చూడుడు. రాత్రివేళ తోడుండుటకు ఒక ఆయాను నియమించి నెలకు 12,000 రూపాయలు ఇచ్చిరనుకొనుడు. ఒంటరివాడు ఆ వ్యయమును భరింపజాలడు. 24 మంది పంచుకొన్నచో మనిషికి 500 రూపాయలు మాత్రమే యగును. నలుగురితో నారాయణా యను మాటలో ఎంత గణితము కలదో చూచితిరా!

లెక్కకు అందని లాభములును కలవు. ఉదయము తొమ్మిదింటికి ఒక యింటి కిటికీ తెరవబడనిచో పొరుగువాడు పోయి తలుపు తట్టును. ఒకామెకు చూపు మందగించినచో వేరొకామె ఉత్తరము చదివి పెట్టును. ఆ రెండవయామె మోకాళ్ళు నొచ్చినప్పుడు మొదటియామె పెరుగు తెచ్చి యిచ్చును. ఇచ్చట ఉపకారము చేయువాడొకడు, పొందువాడొకడు అని రెండు తెగలు లేవు. ముసలితనమున మనిషిని మిక్కిలి క్రుంగదీయునది నొప్పి కాదు. తానిక ఎవ్వరికిని పనికిరానను తలంపు. ఆ తలంపును తొలగించుటయే సహనివాసము చేయు గొప్పమేలు.

అయితే ఇది సులభసాధ్యమని భ్రమపడరాదు. ఇల్లు కట్టి చూడుమని మన పెద్దలు ఊరకనే హెచ్చరింపలేదు. లండను నగరమున కొందరు వృద్ధస్త్రీలు 1998లో ఒక సంఘముగా చేరిరి. స్థలము దొరకదు, దొరికినను ధనము చాలదు, ధనము సమకూరినను అనుమతులు రావు. కొందరు విసిగి వెడలిపోయిరి. మిగిలినవారు పట్టు విడువలేదు. పదునెనిమిదేండ్లు గడచిన పిదప, 2016లో హైబార్నెట్ అను చోట 25 ఇండ్లతో వారి న్యూగ్రౌండ్ నివాసము సిద్ధమైనది. వానిలో 17 ఇండ్లు సొమ్ము పెట్టగలవారివి. తక్కిన 8 ఇండ్లు అంత స్తోమతు లేనివారికి తక్కువ అద్దెకు కేటాయింపబడినవి. ఈ ఎనిమిది యిండ్లు గమనింపదగినవి. పేదలను వెలుపల నిలిపిన ఉమ్మడి, ఉమ్మడి కాజాలదు గదా!

లోపలి చిక్కులు వేరు. పదిమంది కలిసినచో పది అభిప్రాయములు. కూరలో కారమెంత, వాకిటిలో పాటల ధ్వని యెంత, క్రొత్తవారిని చేర్చుకొనుట యెట్లు? ప్రతిదానికి సభ చేయవలెను. పలు సహనివాసములలో ఓట్లు లెక్కించుటకన్న, అందరు సమ్మతించువరకు చర్చించుటయే నియమము. ఇందులకు ఓర్పు కావలెను. చేరినవారందరు ఒకే వయసువారైనచో అందరు ఒక్కసారియే బలహీనులగుదురు. కావున యాబదియేండ్లవారు మొదలుకొని ఎనుబదియేండ్లవారివరకు కలిసియుండుట మేలు. మతి చెడినవారికిని, మంచముపట్టినవారికిని పొరుగువారి స్నేహము చాలదు. వైద్యుడు, శిక్షణపొందిన పరిచారికయు కావలెను. సహనివాసము ఆసుపత్రి కాదను సంగతి మరువరాదు.

ఇట్టిది పాశమైలారము చెంత ఏర్పడగలదా? ఉమ్మడిగా పనిచేయుట మనకు క్రొత్త కాదు. ఓరుగల్లు ప్రాంతమునందలి ముల్కనూరులో 1956లో రైతులు స్థాపించుకొనిన సహకారసంఘము దేశమున పేరు గడించినది. హైదరాబాదునందలి జూబ్లీహిల్స్ అను పేట 1962లో ఏర్పడిన గృహనిర్మాణ సహకారసంఘము మూలముననే రూపొందినది. సంఘముగా చేరి స్థలము కొనుటకు మనకు సహకారచట్టము కలదు. అయితే ఇంతకాలము మనము కలిసి స్థలము కొని, పిదప పంచుకొని, నడుమ గోడలు కట్టుకొంటిమి. సహనివాసము కోరునది ఒక్కటే: స్థలము కొన్నంతనే కలయిక ముగియరాదు.

కలసి బ్రతుకుటకు తగినవారును ఇచ్చట కొరత కాదు. ఒకే కర్మాగారమున, ఒకే జట్టులో ముప్పదియేండ్లు ప్రక్కప్రక్కన నిలిచి పనిచేసినవారు ఒకరి స్వభావము ఒకరు బాగుగ ఎరుగుదురు. ఎవడు కోపిష్ఠియో, ఎవడు ఆపదలో ఆదుకొనువాడో వారికి వేరుగా చెప్పవలెనా? విద్యుత్ పనివాడు దీపములు చూడగలడు. యంత్రముల పనివాడు నీటిపంపు బాగుచేయగలడు. ఇన్నేండ్లు ఇంటిని నడపిన ఇల్లాలు వంటశాల పెత్తనము వహింపగలదు. మెట్లు లేని యిండ్లు, జారని నేల, గోడలవెంబడి పట్టుకొనుటకు కమ్ములు, వాకిట ఒక వేపచెట్టు, దానిక్రింద అరుగు, పొగగొట్టములకు దూరమగు స్థలము — ఇంతకన్న వారు కోరునది యేమి?

ధనమొక్కటియే పెద్ద అడ్డంకి. ఉద్యోగుల పింఛను పథకమున 2014లో నిర్ణయింపబడిన కనీస పింఛను నెలకు 1,000 రూపాయలు. తెలంగాణ ప్రభుత్వము వృద్ధులకిచ్చు పింఛను 2019లో 2,016 రూపాయలకు పెంచబడినది. ఇంతమాత్రముతో స్థలము కొని యిల్లు కట్టుట కల్ల. మనము ఆయాకై వేసిన లెక్కలోని 500 రూపాయలే కనీస పింఛనులో సగమగును. కావున స్టాక్‌హోమునందు వలె అద్దెయిండ్లు కట్టించి యిచ్చువారును, లండనునందు వలె కొన్ని యిండ్లను పేదలకు విడువగలవారును కావలెను. ప్రభుత్వము స్థలమును, పరిశ్రమలు కొంత మూలధనమును, కార్మికసంఘములు పూనికను సమకూర్చినచో ఈ కార్యము కలగా మిగులదు. చెమట పుచ్చుకొనిన నేల నీడ యిచ్చుట న్యాయమే గదా!

విద్యార్థులారా! సహనివాసమున్నది గదా యని సంతానము తమ ధర్మమును విడువరాదు. ఎన్ని తోడులున్నను తల్లి చెవి కుమారుని పిలుపుకొరకే నిక్కియుండును. కాని ఆ పిలుపు వచ్చువరకు ఆమె నిశ్శబ్దమున కూర్చుండనక్కరలేదు. ప్రతి సంవత్సరము అక్టోబరు 1వ తేదీని ఐక్యరాజ్యసమితి నిర్ణయము ననుసరించి అంతర్జాతీయ వృద్ధుల దినముగా జరుపుచున్నారు. ఆ దినమునకై వేచియుండకుడు. మీ వాడకట్టులో ఒంటరిగా నుండు అవ్వ యెవరో, తాత యెవరో తెలిసికొనుడు. ఆపదలోనున్న వృద్ధులు సహాయము కోరుటకు 14567 అను దూరవాణి సంఖ్య కలదని వారికి చెప్పుడు. సాయంకాలము బడినుండి వచ్చుచు వారి తలుపు నొకసారి తట్టుడు. సహనివాసమునకు స్థలము, ధనము, శిల్పులు అందరును కావలసినదే. కాని దాని తొలి ఇటుక పొరుగింటి తలుపుపై పడు ఈ చిన్న చప్పుడు.